కుయ్‌మంటున్న పంపు

ఫిబ్రవరి 24, సోమవారం

ఇవాళ తేల్చేశాను. కంప్యూటర్‌లో ఉన్న ఫ్యాన్లన్నీ పీకి పారేసి నీళ్ళతో చల్లబరుస్తాను. ఇంక ఎవరు చెప్పినా వినను.

నిన్న అమ్మ చేత మూడో పాట పాడించాను. 'దేవా' అని ఒక్క ఊపిరితో, గొంతు ఎత్తకుండా అంటుందే, ఆ చోటు కోసం ఆరు వారాలుగా ఎదురుచూస్తున్నాను. సరిగ్గా అక్కడే కంప్యూటర్ వేడెక్కింది. ఫ్యాన్లు బుర్రుమని లేచాయి. వెనక్కి వేసి వింటే మా అమ్మ ప్రేమమ్మ ట్రాక్టర్ మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నట్టుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మకి అరవై ఎనిమిది. పోయినేడు అందిన స్వరం ఈ ఏడు అందడం లేదు. గుడ్‌ఫ్రైడేకి ఏడు పాటలు తయారు చేస్తానని చర్చిలో మైకు పట్టుకుని మరీ చెప్పాను. ఇప్పుడు కాకపోతే ఆ గొంతు మళ్ళీ దొరకదు. దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోగలిగిన చెవి ఈ శంషాబాద్‌లో నాదొక్కటే. గొప్పకి రాసుకోవడం లేదు. అటు భజనలకీ ఇటు మా చర్చికీ కీబోర్డు వాయించే రాఘవేందరే 'నీ చెవి బంగారం రా కరుణ్' అన్నాడు.

ఏ సామాను కొనాలో నెట్‌లో చదివితే తల తిరిగింది. ఈ పంపు మంచిదట, ఆ పంపు చప్పుడే చేయదట, ఫలానా రేడియేటర్ పెడితే మంచులా ఉంటుందట. అన్నీ అటలే! నాకు అటలు పనికిరావు. నా చెవితో విని కొంటాను.

ఎయిర్‌పోర్ట్ డ్యూటీలో చెవుల పరీక్ష కాగితం మళ్ళీ ఇచ్చారు. మార్చి 27 లోపు చేయించుకోకపోతే విమానాల దగ్గరికి పోయే పాస్ ఆపేస్తారు. పోయినేడు జలుబని తప్పించుకున్నాను. అంతకు ముందేడు ఏం చెప్పానో గుర్తులేదు. పన్నెండేళ్ళుగా విమానం ఇంజిన్ల మధ్య తిరుగుతున్నవాణ్ణి, నాకు చెవుల పరీక్షేంటి!

మార్చి 1, శనివారం

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ మొత్తం తిరిగాను. కాళ్ళు పీకుతున్నాయి.

ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్ రాగిది దొరికింది. నీళ్ళ వేడి లాగేసే రేడియేటర్ దగ్గరే షాపువాడు నన్ను ముంచబోయాడు. అల్యూమినియంది చేతిలో పెట్టి, "ఏదైతేంది అన్నా, నీళ్ళే గదా పోయేది" అన్నాడు.

"రాగి, అల్యూమినియం ఒకే నీళ్ళల్ల పెడితే ఒకదాన్నొకటి తింటయి తమ్మీ. ఏడాది తిరగకముందే నా కంప్యూటర్ చెరువైతది" అన్నాను.

లోపలికి పోయి రాగిది తెచ్చాడు. మూరెడు పొడుగుంది. దీనికి మళ్ళీ ఫ్యాన్లు కావాల్సిందే, అది వేరే సంగతి. కానీ రేడియేటర్ పెద్దదైతే ఫ్యాన్లు మెల్లగా తిరిగినా చాలు. మెల్లగా తిరిగితే చప్పుడుండదు.

పంపు దగ్గర గంటన్నర పట్టింది. మొత్తానికి ఆయువుపట్టు అదే కదా. టబ్బులో నీళ్ళు పోయించి, ట్యూబులు వేయించి, ఏడు పంపులు ఒకదాని తరవాత ఒకటి తిప్పించాను. వంగి ఎడమ చెవి ఆనించి విన్నాను. నమ్మలేకపోయాను. ఏడూ ఒకే శ్రుతిలో 'కుయ్' మంటున్నాయి! చిన్నవీ, పెద్దవీ, ఖరీదైనవీ, చవకవీ, అన్నీ.

"ఏం చప్పుడన్నా? నాకైతే ఏం లేదు" అన్నాడు షాపువాడు.

పాపం, రోజంతా ఆ సందడిలో ఉంటే చెవులేం మిగులుతాయి వాడికి. ఉన్నవాటిలో తక్కువ కుయ్‌మన్నది తెచ్చుకున్నాను.

మార్చి 5, బుధవారం

విమానాల్ని చేతి సైగలతో లోపలికి పిలిచే మా బ్యాచ్‌లోకి జగన్ అని ఒకతను వచ్చాడు. కొత్తూరు ఫ్యాక్టరీలో ఆరేళ్ళు చేసి మానేశాడట, నాకన్నా రెండేళ్ళు చిన్న. చప్పుడు పడకుండా చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు రెండూ బిగించుకుని కొయ్యలా నిలబడ్డాడు. విమానం లోపలికి వస్తోంది, వాకీటాకీలో పిలుస్తున్నాను, ఉలకడు పలకడు. పరిగెత్తి పోయి అతని కుడి మఫ్ చెవి పైకి జరిపాను.

"రెండు మూస్తే నా మాట ఎట్ల వినబడ్తది? హాఫ్ పెట్టు, హాఫ్."

"రెండూ పెట్టాలని క్లాసుల చెప్పిన్రు గదన్నా?"

"క్లాసులకు విమానం రాదు జగన్."

అందరూ విరగబడి నవ్వారు. హాఫ్ అంటే ఎడమది మూసి కుడిది తెరిచి పెట్టడం. మా బ్యాచ్ మాట అది. మొదలుపెట్టింది నేనే. సూపర్‌వైజర్ కనబడగానే టక్కున ఫుల్ చేసేస్తాం. జగన్‌తో కలిపి ఇప్పుడు పదకొండు మందిమి, అందరమూ హాఫే.

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి రాగానే కూర్చుని సాయంత్రానికి అన్నీ బిగించాను. రేడియేటర్ పైన, పంపు కింద, పక్కన నీళ్ళ ట్యాంకు, మధ్యలో మెత్తటి ట్యూబులు. పంపు అదురు పెట్టెకి తగలకుండా జూలీ పాత హవాయి చెప్పు కోసి కింద మెత్తగా వేశాను.

"నా చెప్పు కోసినవ్ సరే, నీ చెప్పుకేమైందయ్యా?" అంది. బళ్ళో పిల్లలకి పాఠం చెప్పే మనిషి కదా, ఇంట్లో కూడా ప్రశ్నలే. పదకొండేళ్ళ కాపురంలో నా పని మీద నా భార్యకి గౌరవం కుదరలేదు.

డిస్టిల్డ్ వాటర్ పోసే ముందు అమ్మ వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ యంత్రం నోరు మూయించు" అంది. ముగ్గురం ఆమెన్ అన్నాం.

అతుకుల కింద టిష్యూ కాగితాలు పరిచి, పంపు ఒక్కదానికే కరెంటిచ్చి రేపటిదాకా వదిలేశాను. కాగితం తడిసిందంటే మళ్ళీ మొదటికి రావాలి.

పంపు కుయ్‌మంటోంది. లోపల గాలి బుడగలుంటే అలాగే అంటుందట.

మార్చి 10, సోమవారం

కాగితాలు పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క కారలేదు! ఎగిరి గంతేశాను. కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్ల బుర్రు మాయం.

కుయ్ మాత్రం ఉంది.

మార్చి 12, బుధవారం

బుడగలు పోగొట్టాలని ఆ పెట్టెని పసిపిల్లలా ఎత్తుకుని అటూ ఇటూ వంచాను. గలగలమని పైకి వచ్చాయి. నడుం పట్టేసింది. అమ్మ జండూబామ్ రాసింది.

మార్చి 13, గురువారం

కుయ్.

మార్చి 15, శనివారం

రెండో పంపు తెచ్చాను. ఇది మొదటిదానికన్నా పెద్దది, మెల్లగా తిరుగుతుంది. బిగించాను. అదే కుయ్, అదే శ్రుతి. నాకు మండిపోయింది.

జూలీని పిలిచి వినమన్నాను. పెట్టె దగ్గర చెవి పెట్టి చాలాసేపు వింది.

"ఏం చప్పుడయ్యా? ఫ్రిజ్జన్న గుర్రుమంటది, ఇదైతే సచ్చినట్టు పడున్నది."

"నీకు వినబడదులే."

"నాకు వినబడదా? పొద్దున అత్తమ్మ నిన్ను అన్నానికి మూడుసార్లు పిలిచింది. ఎవలికి వినబడలే? టీవీ గంత పెద్దగ పెడ్తున్నది ఎవలు?"

పనిలో మునిగి ఉన్నాను, అంతే. అన్నం సంగతి ఇప్పుడెందుకు? మాట మాట పెరిగింది. చివరికి ఏదో అంది, తలుపు వైపు తిరిగి అనడం వల్ల అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు.

ఇంట్లో ఎవరికీ వినబడని చప్పుడు నాకొక్కడికే వినబడుతోంది. చెవి అంటే ఇదీ. ఇలాంటి చెవికి పరీక్ష కావాలట వాళ్ళకి!

మార్చి 19, బుధవారం

రాఘవేందర్ వచ్చాడు. తయారైన మూడు పాటలు వినిపించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న రెండు నిమిషాలకే మొహం చిట్లించాడు.

"ఏందిరా గిట్ల చేసినవ్?"

"ఏమైంది?"

"'స' వచ్చినప్పుడల్ల పళ్ళెం మీద మేకు గీకినట్టున్నది. అమ్మ గొంతుకు గింత పదునెందుకు పెట్టినవ్ రా? నా చెవులు కోసుకపోతున్నయి."

ఆ పాటలు ఎన్ని గంటలు కూర్చుని సరిచేశానో వాడికేం తెలుసు! అమ్మ గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు మొద్దుగా వినబడుతుంటే, ఆ పదును పెంచీ పెంచీ ఇప్పటికి దారిలో పెట్టాను. "భజనల స్పీకర్ల పక్కన కూసోని కూసోని నీ చెవులు ఖరాబైనయ్" అనేశాను.

అనకూడదు. అన్నాను.

వాడు కోప్పడలేదు. హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టి నా వైపే చూశాడు. "జర చూపించుకో రా" అన్నాడు. ఏం చూపించుకోవాలని అడిగితే ఏం లేదన్నాడు. జూలీ చాయ్ తెచ్చేలోపే వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో చాయ్ తాగకుండా పోవడం ఇదే మొదటిసారి.

తప్పంతా పంపుదే. అది కుయ్‌మంటుంటే గొంతు సరిగ్గా ఎలా వినబడుతుంది? మూడోది తెస్తాను.

మార్చి 23, ఆదివారం

జరిగింది రాయాలని లేదు. అయినా రాస్తాను.

చర్చికి పోలేదు. జూలీ, అమ్మ పోయారు. మూడో పంపు బిగిద్దామని మొత్తం విప్పాను. నీళ్ళు బకెట్లోకి దించాను. కరెంటు వైర్లు పీకాను. రేడియేటర్ మంచం మీద, ట్యూబులు పేపర్ మీద, ఫిట్టింగులు అమ్మ మందుల డబ్బా మూతలో పెట్టాను. రెండో పంపు తుడిచి, లోపల తిరిగే చక్రం బయటికి తీసి, ఎక్కడైనా గీత పడిందేమోనని వెలుతురులో పట్టుకుని చూస్తున్నాను.

కుయ్‌మంటోంది.

పంపు నా చేతిలో ఉంది. రెండు ముక్కలుగా ఉంది. వైరు వేలాడుతోంది. కుయ్‌మంటోంది!

దాన్ని మంచం మీద పడేసి వంటింట్లోకి పోయాను. అక్కడా కుయ్. ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. మెయిన్ బంద్ చేశాను. కుయ్. మేడ మీదికి పరిగెత్తాను. ఒక విమానం దిగుతోంది. అది ఉన్నంతసేపు హాయిగా ఉంది. అది పోయాక మళ్ళీ వచ్చింది. రెండు చెవుల్లోనూ వేళ్ళు కుక్కుకున్నాను.

ఇంకా పెద్దగా వినబడింది.

నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. జూలీ వచ్చి భుజం పట్టి ఊపేదాకా ఆమె మెట్లెక్కిన చప్పుడు కూడా నాకు తెలియలేదు. ఏమైందని అడిగింది. ఏం లేదు, ఎండ దెబ్బ అన్నాను.

పక్కింటివాళ్ళ బోరు మోటారు అయ్యుంటుంది.

మార్చి 24, సోమవారం

ట్యూబులు నల్లవి బాగుంటాయా, పారదర్శకంగా ఉండేవి బాగుంటాయా? రెండోవైతే లోపల నీళ్ళు కనబడతాయి, బుడగ ఎక్కడుందో తెలుస్తుంది. కానీ కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారతాయట. నల్లవే మేలు. ఫిట్టింగులు ఇంకో రెండు కావాలి, ట్యాంకు దగ్గర వంపు తిరిగేవి.

పక్కింటివాళ్ళకి బోరు లేదట. జూలీని అడిగాను.

మార్చి 27, గురువారం

చివరి రోజు కాబట్టి పోక తప్పలేదు. శంషాబాద్‌లోనే చెవుల దవాఖాన. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి అద్దం అవతల కూర్చుంది. కృష్ణా జిల్లా వైపు మనిషిలా ఉంది, అండీ అండీ అని చాలా మర్యాద.

మొదట బాగానే ఉంది. లావు చప్పుళ్ళు, బొయ్ బొయ్ మని వచ్చాయి. టకటకా నొక్కాను. ఇదేనా పరీక్ష అనుకున్నాను. తరవాత సన్నగా కుయ్ వచ్చింది. నొక్కాను. మళ్ళీ కుయ్. నొక్కాను. ఆగకుండా వస్తుంటే ఆగకుండా నొక్కాను. ఆ అమ్మాయి తలుపు తీసింది.

"నేనింకా ఏమీ పెట్టలేదండి. మీరెందుకు నొక్కుతున్నారు?"

ముఖం చెల్లలేదు. సరే, ఇంక జాగ్రత్తగా వింటానన్నాను. తలుపు వేసింది. కళ్ళు మూసుకుని కాచుకు కూర్చున్నాను. ఏమీ లేదు. ఇంకాసేపు చూశాను. ఫోన్ వచ్చిందేమో, ఎవరితోనైనా మాట్లాడుతోందేమో అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే అక్కడే ఉంది. మీట తిప్పుతోంది, నా చేతి వైపు చూస్తోంది. ఇంకొంచెం తిప్పుతోంది, మళ్ళీ నా చేతి వైపు చూస్తోంది.

నేనే తలుపు తీశాను. "మేడం, రెండో పరీక్ష ఎప్పుడు మొదలుపెడ్తరు?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "అయిపోయిందండి" అంది.

అయిపోయిందట! నేను ఎదురుచూస్తూ కూర్చున్నంతసేపూ ఆమె పెట్టిన చప్పుడు నా చెవుల్లో మోగుతూనే ఉందట!

నా వినికిడిని కాగితం మీద గీతగా గీసి డాక్టర్ చూపించాడు. తిన్నగా పోతూ పోతూ సన్న చప్పుళ్ళ దగ్గరికి రాగానే గోతిలో పడినట్టు దిగిపోయింది. ఎడమది కొంత నయం, కుడిది మరీ లోతు. "కుడి వైపే ఎక్కువ చప్పుడు పడిందా?" అని అడిగాడు. హాఫ్ సంగతి చెప్పాను. ఆయన నన్ను తిడితే బాగుండేది, తిట్టలేదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అన్నాడు. ఆ కుయ్ బయటిది కాదట, వినికిడి పోయిన చోటే అలా మోగుతుందట. ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు.

మార్చి 28, శుక్రవారం

జూలీకి చెప్పాను. కాగితం చూసింది. ఆశ్చర్యపోలేదు. అది చూసి నేను ఆశ్చర్యపోయాను.

"నీకు తెలుసా?"

"క్రిస్మస్ సంది తెల్సు."

"మరి చెప్పలేదేం?"

నా ఎదురుగా వచ్చి, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని చెప్పింది. "చెప్పిన. మూడుసార్లు చెప్పిన. నీకు వినబడలే."

ఇద్దరం ఏడ్చాం. అమ్మ వచ్చి ఏమైందంది. జూలీయే చెప్పింది. అమ్మ నా కుడి చెవి మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేసింది. ఏమని చేసిందో తెలియదు, అడగలేదు.

ఏప్రిల్ 3, గురువారం

పాస్ ఇవాళ్టితో సరి. లోపల లగేజీ రాసే కౌంటర్‌కి మార్చారు. చివరిసారిగా విమానాల దగ్గరికి పోయి మఫ్‌లు అప్పజెప్పాలి.

బ్యాచ్ అంతా వరసలో నిలబడి ఉంది. అందరి కుడి చెవులూ తెరిచి ఉన్నాయి. పది చెవులు. ఇంజిన్ తిరుగుతోంది. జగన్ దగ్గరికి పోయి కుడి మఫ్ లాగి చెవి మీద బిగించాను. తీసేయబోయాడు, చెయ్యి పట్టుకున్నాను.

ఇంజిన్ ఆగాక అడిగాడు. "ఏందన్నా, మనది హాఫ్ గదా?"

"ఇగ హాఫ్ లేదు. ఫుల్."

"మరి మీ మాట ఎట్ల వినాలె?"

డాక్టర్ కాగితం అతని చేతిలో పెట్టాను. చదివాడు. పక్కవాడికిచ్చాడు. కాగితం వరసంతా తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. "వాకీటాకీకి మఫ్‌లోపల పెట్టే స్పీకర్ ఉంటది, అడిగి తీసుకోండి. ఇయ్యకపోతే చేతులతోని చెప్పుకోండి. నాకు తెల్వక నేర్పిన, తప్పైంది" అన్నాను. నా మఫ్‌లు అప్పజెప్పి బయల్దేరాను. వెనక్కి తిరిగి చూస్తే పదిమందీ ఫుల్ పెట్టుకుని ఉన్నారు. జగన్ బొటనవేలు ఎత్తాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

కంప్యూటర్ మళ్ళీ బిగించాను. మొదటి పంపే పెట్టాను. దానికేం రోగం లేదు పాపం. జూలీ చెప్పు ముక్క కూడా అక్కడే పెట్టాను.

రాఘవేందర్ ఇంటికి పోయి క్షమించమన్నాను. "చాయ్ తాగుదువు దా" అన్నాడు. పాటలన్నీ మళ్ళీ చేయాలి, చెవి నీదే కావాలి అన్నాను. వాడు మొహం అటు తిప్పుకున్నాడు. ఏమన్నాడో వినబడలేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

నా కుర్చీలో జూలీ కూర్చుంది. నా హెడ్‌ఫోన్స్ ఆమె తల మీద ఉన్నాయి. పక్కన రాఘవేందర్. నేను అమ్మ ఎదురుగా నిలబడి చేతులతో చెబుతున్నాను, విమానాన్ని లోపలికి పిలిచినట్టే. చేతులు పైకంటే మొదలు, అరచెయ్యి గొంతు మీదుగా అడ్డంగా గీస్తే ఇంజిన్ బంద్. ఆ సైగలన్నీ పెళ్ళైన కొత్తలో జూలీకి నేనే నేర్పాను, సరదాకి. ఇవాళ ఆమె గొంతు మీద గీస్తే నేను ఆపాను, బొటనవేలు ఎత్తితే అమ్మని ముందుకి పోనిచ్చాను.

'దేవా' దగ్గర నాలుగుసార్లు ఆపింది. ఐదోసారి బొటనవేలు ఎత్తింది. నిజమేనా అని కళ్ళతోనే అడిగాను. రెండు బొటనవేళ్ళూ ఎత్తింది.

ఏప్రిల్ 18, గుడ్‌ఫ్రైడే

చర్చిలో ఏడు పాటలూ వేశారు. ముందు వరసలో, ఎడమ చెవి స్పీకర్ వైపు పెట్టుకుని కూర్చున్నాను. మూడో పాటలో ఆ చోటు ఎప్పుడొస్తుందో నాకు క్షణంతో సహా తెలుసు. ఊపిరి బిగబట్టాను. కీబోర్డు తగ్గింది. ఆగింది. అమ్మ 'దేవా' అనాల్సిన చోట నాకు నా కుయ్ ఒక్కటే వినబడింది.

జూలీ వైపు తిరిగాను. కళ్ళు మూసుకుని ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

వెనకాల ఏ చప్పుడూ లేదట. అమ్మ గొంతు ఉన్నదున్నట్టు వచ్చిందట.